సంఘం కంప్యూటర్‌కి చల్లదనం ఎంత, వేగం ఎంత?



పాత క్యాసెట్లు, వీడియో టేపులు భద్రపరిచే పనికి కొత్త డెస్క్‌టాప్ కొనాలని కార్యవర్గం తీర్మానించాక, ఏది కొనాలో చూసే బాధ్యత నాకు అప్పజెప్పారు. కొన్నాం, బిగించాం, మూడు నెలలుగా నడుస్తోంది. ఈ మధ్య వాట్సాప్ గ్రూపులో ఇద్దరు అడిగారు: "అంత డబ్బు పోసి వాటర్ కూలింగ్ ఎందుకు పెట్టించలేదండీ? ఓవర్‌క్లాక్ చేస్తే పని ఇంకా తొందరగా అయ్యేది కదా?" ఇంకొకరు దానికి సరిగ్గా ఎదురు ప్రశ్న వేశారు: "క్యాసెట్లు ఎక్కించడానికి ఇటుకంత కూలర్ దేనికి?"

చందాలు మీవి. కాబట్టి జవాబు చెప్పాలి. రూపాయల లెక్క కోశాధికారిగారు సర్వసభ్య సమావేశంలో ఇస్తారు. ఇది వేడి లెక్క. కొంచెం పొడుగే, తీరిగ్గా చదవండి. మీ ఇళ్లలో పిల్లలు కొత్త కంప్యూటర్ కొనమని వెంటపడుతుంటే అక్కడా పనికొస్తుంది.

ముందు, ఈ కంప్యూటర్ చేసే పని ఏమిటో చెప్తాను. ఏ కూలర్ కావాలన్నది పనిని బట్టే తేలుతుంది.

మన దగ్గర పోగైన ఆడియో క్యాసెట్లు 200 పైచిలుకు. వీహెచ్‌ఎస్ టేపులు 60 దాకా ఉన్నాయి. ఉగాది కవి సమ్మేళనాలు, పద్యనాటకాలు, హరికథలు, పిల్లల ఏకపాత్రాభినయాలు. వీటితో పని రెండు రకాలు. మొదటిది ఎక్కించుకోవడం. టేపు ఎంతసేపు ఉంటే అంతసేపూ పడుతుంది. 90 నిమిషాల క్యాసెట్‌కి 90 నిమిషాలే, ఎంత గొప్ప ప్రాసెసర్ పెట్టినా 80 కావు. ఆ సమయంలో ప్రాసెసర్ దాదాపు ఖాళీగానే ఉంటుంది. కాకపోతే మధ్యలో తడబడకూడదు.

రెండోది శుభ్రం చేయడం. పాత వీడియో టేపులో బొమ్మ సెకనుకి 50 సగం బొమ్మలుగా ఉంటుంది, ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు. వాటిని కలిపి నిండు బొమ్మలు చేయాలి, చుక్కలూ మచ్చలూ తగ్గించాలి, తర్వాత కుదించాలి. ఇది మొదలుపెడితే ప్రాసెసర్‌లోని కోర్లన్నీ నూటికి నూరు శాతం పనిలో ఉంటాయి, గంటల తరబడి. అందుకే రాత్రి పెట్టి పొద్దున చూసుకుంటాం.

ఇక గది సంగతి. మన లైబ్రరీ గది పై అంతస్తులో ఉంది, దాని మీద మొండి డాబా. ఏసీ కింద హాల్లోనే. చెన్నైలో మే నెల అంటే చెప్పక్కర్లేదు. ఇక్కడి వాళ్ల అగ్ని నక్షత్రం వెళ్తూ వెళ్తూ మన రోహిణి కార్తెకి అప్పజెప్పి పోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రాత్రి పదకొండింటికి ఆ గదిలో థర్మామీటర్ 35 చూపించింది.

ఆ 35 డిగ్రీలే అన్నిటికీ మూలం. మామూలు కూలర్ ఏదైనా, గాలిదైనా నీళ్లదైనా, ప్రాసెసర్ వేడిని తీసుకెళ్లి గదిలో గాలికి ఇవ్వడమే చేస్తుంది. గది కంటే చల్లగా చేయలేదు. "ఫ్యాన్ వేస్తే మనకి చల్లగా ఉంటుంది కదా" అంటే, మనకి చెమట ఆరుతుంది కాబట్టి ఉంటుంది. లోహానికి చెమట లేదు. కూలర్ల మీద సమీక్షలు రాసేవాళ్లు చాలామంది 20, 25 డిగ్రీల గదిలో కొలుస్తారు. వాళ్ల దగ్గర 75 వచ్చిన ప్రాసెసర్ మన గదిలో, అదే కూలర్‌తో, అదే పనికి, 85 దాటుతుంది. కూలర్ మారలేదు, ఊరు మారింది. కొనేముందు సమీక్షలో గది వేడి ఎంత అన్నది చూసి, మన గదికి తేడా ఎంతుంటే అంతా కలుపుకోవాలి.

ఇక వేగం. ఓవర్‌క్లాక్ అంటే తయారీదారు చెప్పిన వేగం కంటే ఎక్కువగా ప్రాసెసర్‌ని పరిగెత్తించడం. ఒకప్పుడు ఇది నిజంగానే లాభసాటి బేరం. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఎ అని ఒకటుండేది. 300 మెగాహెర్ట్జ్‌ది. మదర్‌బోర్డులో బస్ వేగాన్ని 66 నుంచి 100కి మారిస్తే చాలామందికి 450 దగ్గర హాయిగా నడిచింది. చవక చిప్ కొని ఖరీదైన చిప్ పని చేయించుకున్నారు. ఒకటిన్నర రెట్లు! ఆ రోజుల్లో రిచ్చీ స్ట్రీట్‌లో తిరిగినవాళ్లకి ఆ రుచి ఇంకా నాలుక మీదే ఉంటుంది.

ఇప్పుడా బేరం లేదు. ఈ కాలపు ప్రాసెసర్ తనని తానే పరిగెత్తించుకుంటుంది. వేడి ఎంతుంది, కరెంటు ఎంత లాగుతున్నాను అని సెకనుకి ఎన్నోసార్లు చూసుకుంటూ, సందు దొరికితే వేగం పెంచుకుంటుంది, లేకపోతే తగ్గించుకుంటుంది. మనం కొన్న రైజెన్ 9 7900 మూల వేగం 3.7 గిగాహెర్ట్జ్, అవసరమైతే తనంతట తానే 5.4 దాకా వెళ్తుంది. మనం పిండుకోవడానికి వాళ్లు మిగిల్చింది అడుగున నాలుగు చుక్కలే.

ఆ నాలుగు చుక్కలకి ఖర్చు మాత్రం ఎక్కువ. ప్రాసెసర్ లాగే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీతోనైతే దాని వర్గం లెక్కన పెరుగుతుంది. వేగం 10 శాతం పెంచడానికి వోల్టేజీ కూడా 10 శాతం పెంచాల్సి వస్తే, 1.1ని మూడుసార్లు గుణించండి: 1.33. పది శాతం వేగానికి 33 శాతం అదనపు వేడి. అంచు దగ్గరికి వెళ్లేకొద్దీ ఈ వడ్డీ ఇంకా పెరుగుతుంది.

ఈ మాట నేను చెప్తే మా అన్నయ్య కొడుకు ఒప్పుకోలేదు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, సెలవుల్లో మన క్యాసెట్ల పనికి వస్తున్నాడు, బిగింపంతా వాడి చేతుల మీదే జరిగింది.

"బాబాయ్, లెక్కలు కాదు, కొలిచి చూద్దాం" అన్నాడు.

"అదే నాన్నా నేననేది కూడా. కొలు" అన్నాను.

గంట నిడివి ఉన్న ఒక నాటకం టేపుని శుభ్రం చేసే పని పెట్టాం. మామూలు సెట్టింగ్‌లో, అంటే ప్రాసెసర్ 88 వాట్లు దాటకుండా, 2 గంటల 10 నిమిషాలు పట్టింది. వేడి 74 దగ్గర నిలబడింది. తర్వాత హద్దు తీసేసి, ఓవర్‌క్లాక్ మీట నొక్కి అదే పని పెట్టాడు. 1 గంట 55 నిమిషాలు. వేడి 93కి ఎక్కింది, ప్రాసెసర్ 180 వాట్లకి పైగా లాగింది. ఈ చిప్‌కి తయారీదారు పెట్టిన గరిష్ఠ హద్దు 95.

15 నిమిషాలు మిగిలాయి. రెట్టింపు కరెంటు పోయింది. ఆ కరెంటంతా చివరికి వేడిగా ఆ గదిలోకే వస్తుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి దాదాపు 100 వాట్ల వేడి వస్తుందంటారు. అంటే ఆ డాబా కింద గదిలో రాత్రంతా ఇంకో మనిషిని కూర్చోబెట్టినట్టు. రాత్రి పెట్టి పొద్దున చూసుకునే పనిలో ఆ 15 నిమిషాలు ఎవరికి కావాలి? మనం నిద్రలో ఉంటాం.

ఇక నీళ్లా, గాలా? రిచ్చీ స్ట్రీట్‌లో కొట్టు అబ్బాయి మొదటి మాటే "వాటర్ కూలింగ్ పోడుంగ సార్" అని. లోపల లైట్లు వెలుగుతుంటే చూడ్డానికి బాగానే ఉంది. కానీ విషయం ఇదీ. నీళ్లకి వేడిని దాచుకునే గుణం ఎక్కువ. కాసేపు ఆట ఆడి, కాసేపు ఆపేవాళ్లకి ఆ గుణం ఉపయోగం. మన పని అలా కాదు. అరగంట ముప్పావు గంట గడిచేసరికి ఆ నీళ్లు కూడా వేడెక్కి ఒక చోట నిలబడతాయి. అక్కడి నుంచి రేడియేటర్ ఎంత పెద్దది, ఫ్యాన్లు ఎంత గాలి తోస్తాయి అన్నదే మిగులుతుంది. అంటే మళ్లీ గాలి దగ్గరికే వచ్చాం.

ఇంకో తమాషా, గాలి కూలర్‌లోనూ నీళ్లున్నాయి. ఆ రాగి గొట్టాల్లో గాలి తీసేసి, చాలా కొద్దిగా నీళ్లు పోసి మూస్తారు. ప్రాసెసర్ దగ్గర నీళ్లు ఆవిరై పైకి పోతాయి, రేకుల దగ్గర చల్లబడి మళ్లీ నీళ్లై, గొట్టం లోపలి పూత పట్టుకుని వెనక్కి దిగుతాయి. ఇడ్లీ పాత్ర మూత తీస్తే లోపలి నుంచి బొట్లు కారుతాయి చూశారా, అదే సంగతి. మోటారు లేదు, పంపు లేదు. పాడయ్యేది బయటి ఫ్యాన్ ఒక్కటే. అది ఏ కొట్లోనైనా దొరుకుతుంది, నాలుగు మరలు కాదు, రెండు తీగ క్లిప్పులు తీస్తే ఊడి వస్తుంది.

నీళ్ల కూలర్‌కి పంపు ఉంటుంది. మూసిన వ్యవస్థే అయినా ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గొట్టాల గుండా నీళ్లు కొంచెం కొంచెం ఆవిరైపోతాయి, చాలా రకాల్లో మళ్లీ పోసుకునే వీలుండదు. పంపు పోతే మొత్తం కొత్తది కొనాల్సిందే. లీకవడం అరుదు, అది చెప్పి భయపెట్టను. "మన ఊరి తేమకి లోపల నీటిబొట్లు పడతాయి" అని ఒక పెద్దాయన అన్నారు, అదీ నిజం కాదు. గది కంటే చల్లబడితేనే బొట్లు పడతాయి, ఈ కూలర్లు గది కంటే చల్లబడవని పైన చెప్పుకున్నాం కదా. 200 వాట్లు దాటి లాగే ప్రాసెసర్ కొన్నవాళ్లకి, పెద్ద కూలర్ పట్టని చిన్న డబ్బా ఉన్నవాళ్లకి నీళ్ల కూలింగ్ సరైనదే. మనది 88 వాట్లది. కొట్లో అడిగితే నీళ్లది గాలిదానికి రెండింతలకు పైగా ధర చెప్పారు.

"మరి ప్రాసెసర్‌తో పాటే డబ్బాలో ఒక కూలర్ వచ్చింది కదా, అదే చాలదా?" అని కోశాధికారిగారు అడిగారు. న్యాయమైన ప్రశ్న. 25 డిగ్రీల గదిలో చాలు. మన గదిలోనూ నడుస్తుంది, కానీ మే నెలలో అది గుక్క తిప్పుకోకుండా అరుస్తుంది. పక్కనే మైకు పెట్టి పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేసుకునే గది అది. అందుకే రెండు స్తంభాల గాలి కూలర్ పెట్టాం. ఇటుకంత ఉన్న మాట నిజమే. దాని సైజు వేగం కోసం కాదు, నిశ్శబ్దం కోసం, ఎండాకాలం కోసం.

ఇంతవరకూ డబ్బు, వేడి. అసలు విషయం ఇప్పుడు చెప్తాను.

మన సభ్యురాలు ఒక పెద్దమ్మగారు 11 క్యాసెట్లు తెచ్చి ఇచ్చారు. కాలం చేసిన ఆవిడ భర్త పాడిన పద్యాలు. మద్రాసు తేమకి టేపు అంచున తెల్లగా బూజు పట్టింది. బూజు తుడిచి, ఒక్కొక్కటే నడిపాం. ఒక క్యాసెట్ నడిచిన తర్వాత చూస్తే ప్లేయర్ హెడ్ మీద గోధుమరంగు పొడి. ఆ పొడే శబ్దం. టేపు మీద పూత రాలిపోతోందన్నమాట. అలాంటి టేపు రెండోసారి అదే గొంతు ఇస్తుందన్న నమ్మకం లేదు. "అబ్బాయ్, ఆయన గొంతు జాగ్రత్త" అని ఆవిడ ఒక్క మాటే అన్నారు.

కంప్యూటర్ ఆగిపోతే మనకి తెలుస్తుంది. తెర నీలంగా మారితే తెలుస్తుంది. నాకు భయం వాటి గురించి కాదు. ఆగకుండా, చెప్పకుండా తప్పు చేసే కంప్యూటర్ గురించి.

మావాడు దాన్ని కూడా కొలిచాడు. మామూలు సెట్టింగ్‌లో ఒకే టేపు శుభ్రం చేసే పని మూడుసార్లు చేయించి, వచ్చిన బొమ్మలకి చెక్‌సమ్ తీశాడు. చెక్‌సమ్ అంటే ఫైలు వేలిముద్ర అనుకోండి, ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది. మూడుసార్లూ ఒకటే ముద్ర. తర్వాత ఓవర్‌క్లాక్ పెట్టి, వోల్టేజీ కాస్త తగ్గించి, మెమరీని 6000 మీద నడిపి మళ్లీ మూడుసార్లు చేయించాడు. అంతకు ముందు రోజంతా ఆ సెట్టింగ్ మీదే ఆటలు ఆడాడు, ఒక్కసారి కూడా ఆగలేదు. మూడోసారి ముద్ర మారింది. వెతికితే 47వ నిమిషంలో ఒకే ఒక్క ఫ్రేములో, వేషధారి భుజం దగ్గర, చిన్న ఆకుపచ్చ గడి.

ఒక్క గడే. నాటకం చూసేవాళ్లెవరికీ కనపడదు. కానీ అది గడి కాకుండా పద్యంలో ఒక అక్షరమైతే? మళ్లీ నడపడానికి టేపే లేకపోతే?

వాడు కాసేపు తెర వంక చూసి, "బాబాయ్, మామూలుకే పెట్టేస్తాను" అన్నాడు. నేనేం అనక్కర్లేకపోయింది.

ఇక్కడ ఒక మాట మెమరీ గురించి, ఎందుకంటే చాలామంది తెలియకుండానే ఓవర్‌క్లాక్ చేస్తుంటారు. మెమరీ పెట్టె మీద 6000 అని రాసుంటుంది. ఈ తరం రైజెన్ ప్రాసెసర్లకి ఏఎండీ అధికారికంగా చెప్పిన డీడీఆర్5 వేగం 5200. ఎక్స్‌పో అనో, ఎక్స్‌ఎంపీ అనో ఉండే మీట నొక్కి 6000కి పోతే అదీ ఓవర్‌క్లాకే. చాలామందికి ఏ ఇబ్బందీ రాదు. ఆటలకి పెట్టుకోండి, తప్పులేదు. భద్రపరిచే పనికైతే 5200 మీదే నడిపి, ఒక రాత్రి మెమరీ పరీక్ష చేయించి మొదలుపెట్టడం మంచిది. మనం అలాగే చేశాం. హద్దు దాటించి నడిపినందువల్ల చిప్ పాడైతే వారంటీ వర్తించదని ఏఎండీ షరతుల్లోనే ఉంది.

మనం ఏ మీటా నొక్కకపోయినా ఇబ్బంది రావచ్చని కూడా లోకం చూసింది. 2023లో రైజెన్ 7000 వరసలో కొన్ని చిప్‌లు ఎక్కువ వోల్టేజీకి కాలిపోతే, ఏఎండీ ఒక వోల్టేజీకి 1.3 దగ్గర గట్టి హద్దు పెట్టించింది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ వల్ల క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెల్ స్వయంగా ఒప్పుకుంది, మైక్రోకోడ్ మార్చింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. ఆ తరం చిప్ మీ ఇంట్లో ఉంటే మదర్‌బోర్డు బయోస్ కొత్తదానికి మార్పించండి. నేను మన కంప్యూటర్ బిగించిన రోజే బయోస్ మార్పించాను.

ఇక నిర్వహణ. లైబ్రరీ తాళం ఉన్నవాళ్లందరికీ ఇది.

డబ్బా ముందు జల్లెడలాంటి వల ఉంటుంది. నెలకోసారి ఊడదీసి దులపండి. దుమ్ము పట్టిన మంచి కూలర్ కంటే శుభ్రంగా ఉన్న చవక కూలర్ నయం. లోపలికి గాలి తోసే ఫ్యాన్లు బయటికి లాగే వాటికన్నా ఎక్కువ పెట్టాం, కాబట్టి సందుల్లోంచి దుమ్ము లోపలికి రావడం తక్కువ. డబ్బాని గోడకి ఆనించవద్దు, వెనక జానెడు చోటు వదలండి. ఆయుధ పూజ రోజు బొట్టు పెట్టండి, పూలు పెట్టండి, నేనే పెడతాను. పసుపు కుంకుమలు పక్క రేకు మీదే, ముందు వల మీద వద్దు. సాంబ్రాణి కాస్త దూరంగా. కరెంటు పోతే యూపీఎస్ మీద నడుస్తుంది, కానీ పెళుసు టేపు నడుస్తుండగా ఫ్యాన్లూ లైట్లూ దానికి కలపవద్దు.

ఈ వేసవికి దాదాపు 90 క్యాసెట్లు పూర్తయ్యాయి. పెద్దమ్మగారి 11లో 10 నిండుగా వచ్చాయి. 11వది రెండో వైపు మధ్యలో కొంత పోయింది, అది టేపులోనే పోయింది. ప్రతి ఫైలుకీ వేలిముద్ర తీసి పుస్తకంలో రాసి పెట్టాం, రెండు ప్రతులు రెండు ఇళ్లలో ఉన్నాయి.

మీ ఇంట్లో అటక మీద క్యాసెట్లుంటే తెచ్చి ఇవ్వండి. ఒకటే విన్నపం: "ఇంకా పాడుతుందో లేదో" అని ఇంట్లో పెట్టి చూడకండి. బూజు ఉంటే ఆ ఒక్కసారికే పూత రాలిపోవచ్చు. పెట్టె మీద ఎవరి గొంతో, ఏ ఏడాదో మీకు గుర్తున్నంత వరకు రాసి ఇవ్వండి చాలు. ఆదివారం పొద్దున 10 నుంచి 1 దాకా మావాడూ నేనూ అక్కడే ఉంటాం.